మూడో గీత

పేరు విని ముసలమ్మేమో అనుకున్న.
జీపు దిగి చూస్తె తెల్ల గడ్డం, నడుముకు గళ్ళ బట్ట,
ముసల్లం.
డెబ్బై దాటిన మనిషి, మేక లెక్క రాళ్ళెక్కుతడు.
"హిందీ, కొత్తోడు. గీకుడు నేర్పు"
అని కాంట్రాక్టర్ నన్ను అప్పజెప్పి పోయిండు.
నాకు వచ్చని చెప్పేంత అరబ్బీ
నాకు రాదు.

సలాలా వెనక కొండలివి.
వాన మబ్బు అటు పక్కకే ఆగిపోతది,
ఇటు దిక్కు దాని చల్లగాలి ఒక్కటే వస్తది.
ఆ గాలి తాగి బతికే చెట్లు, మనిషెత్తు లేవు,
తోలు ఉల్లిపొర లెక్క లేస్తుంటది.
లుబాన్ అన్నడు.
నేను ముట్టి చూసి, వాసన చూసి పోల్చుకున్న:
మా అందుగు చెట్టుకు పెదనాయిన బిడ్డ.

మాది కడెం పైన గుట్టలు.
తపసి చెట్టుకు గొడ్డలి ఆనిచ్చే ముందు
మా తాత బొర్రన్న దానికి వీపానిచ్చి కూసొని
ఒక చుట్ట కాలేదాక లేచేటోడు గాదు.
"దానికి తెల్వాలెరా, ఎవరొచ్చిన్రో."
బొటనవేలంత గాటు. అంతే.
ఆ గాటు మూసుకునేదాక ఆ చెట్టు తొవ్వే తొక్కకపోవు.

ముసల్లం మన్‌కఫ్ తీసిండు,
అరచెయ్యంత మేర పైపొర చెక్కి వదిలేసిండు.
తెల్లగ పాలు ఊరినయి.
నేను చెయ్యి పెట్టబోతె మణికట్టు మీద కొట్టిండు.
ఒక వేలు చూపి తల అడ్డంగ ఊపిండు.
పదిహేను రోజులైనంక మళ్ళ అక్కడనే, రెండో గీత.
రెండు వేళ్ళు. మళ్ళ తల అడ్డంగ.
మొదటి గీత చెట్టుకు కబురు,
రెండోది దాని జవాబు,
మూడోదే మనకు.
ఇది ఆయన చెప్పలే. తాత చుట్ట వాసనల నాకే తట్టింది.

రాత్రి తుఫూల్, ఆయన చెల్లె, నాలుగు గడ్డలు నీళ్ళల్ల నానేసింది
నా దగ్గు విని.
తెల్లారి గిన్నె చూస్తె కలి నీళ్ళ రంగు.
తాగితె గుట్ట మీద గాలి గొంతుల దిగినట్టైంది.
మా అవ్వ కూడ అందుగు బంకతో ఇట్లనే,
కాకపోతె తిట్టుకుంట తాపేది.

అయ్య కాలానికి నిర్మల్ సేటు కిలోకింతని లెక్క గట్టిండు.
గొడ్డలి చెట్టు నడుం దాక పోయింది.
రెండు ఎండకాలాలు ఇంట్ల పైసలు,
కొత్త రేడియో, నాకు బూట్లు.
మూడో ఎండకాలం గుట్ట నిండ నిలబడ్డ బొక్కలు.
ఆ బొక్కల నడుమ నుంచే నేను
ఏజెంట్ ఇంటి దాక నడిచొచ్చిన.

ఇక్కడ కూడ ఫోను మోగింది.
"నెలాఖరుకు సంచులు రెట్టింపు. లోతుకు పోనీ."
ముసల్లం మేకల కోసం దిగిపోయిన పూట
నేను లోతుకు పోయిన.
అబద్ధమెందుకు, ఇంటికి పంపే పైసలు మతికొచ్చినయి.
ఎర్రపొర దాటింది, తెల్లకట్టె తగిలింది.
ఆ చప్పుడు నాకు తెల్సు.
చిన్నప్పుడు దినాం ఇన్నదే.

పొద్దూకి వచ్చిండు. చూసిండు.
ఒక్క మాట అనలే, అదే భరించరాలే.
తలగుడ్డ అంచు చింపి కొమ్మకు కట్టిండు,
అయిదు వేళ్ళు చూపిండు.
అయిదేండ్లు దీని జోలికి పోవద్దు.
ఆ వేళ్ళతోనే నన్ను చూపి, చెట్టును చూపి:
వచ్చి చూడాల్సింది నువ్వే.

నా వీసా రెండేండ్లది.
నేను రెండు వేళ్ళు చూపిన.
ఆయన తన తెల్లగడ్డం పట్టుకొని,
ఉన్న వేళ్ళన్నీ ముడిచి చూపిండు.
ఇద్దరం నవ్వినం.
నవ్వు ఆగినంక గూడ
గుడ్డపేలిక గాలికి కొట్టుకుంటనే ఉన్నది.

ఆ నెల నా సంచి తక్కువ తూగింది.